పది కిలోల్లో బేస్: ఐప్యాడ్ ఎఫెక్ట్స్‌కి ఎలాంటి ఆంప్ కొనాలి?

ప్రశ్న: ఆదివారం చర్చిలోనూ, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతోనూ బేస్ గిటార్ వాయిస్తాను. నాలుగు తీగల ప్యాసివ్ జాజ్ బేస్. నా దగ్గరున్న 15 అంగుళాల పాత కాంబో ఆంప్ స్కూటర్ మీద పట్టదు, ఆటో ఎక్కించాలన్నా ఇంకో చెయ్యి కావాలి. నడుం పట్టేస్తోంది. పెడల్స్ కొనకుండా ఇంట్లో ఉన్న తొమ్మిదో తరం ఐప్యాడ్‌నే ఎఫెక్ట్స్‌కి వాడదామనుకుంటున్నాను. తేలికైన ఆంప్ ఏది తీసుకోను? ఎన్ని వాట్లు ఉండాలి? డల్లాస్ నుంచి మా బావ వచ్చే నెల వస్తున్నాడు, తనతో తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

సమాధానం: ఐప్యాడ్ వాడాలని అనుకోవడంతోనే మీకు కావలసిన ఆంప్ మారిపోయింది. బేస్ ఆంప్ పెట్టెలో మూడు భాగాలుంటాయి. పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచి టోన్ దిద్దే ప్రీఆంప్, దానికి బలమిచ్చే పవర్ ఆంప్, గాలిని కదిలించే స్పీకర్. మొదటి భాగం పని ఇక ఐప్యాడ్‌లోని ఎఫెక్ట్స్ ఆప్ చూసుకుంటుంది. దాని వెనక మళ్లీ ఒక బేస్ ఆంప్ పెడితే రెండు ప్రీఆంప్‌లు ఒకదాని మీద ఒకటి పడి సౌండ్ ముద్దముద్దగా తయారవుతుంది. మీకు కావలసింది సొంత రంగు పులమకుండా, ఇచ్చింది ఇచ్చినట్టు పలికే పవర్డ్ స్పీకర్. కాబట్టి మా సలహా ఇది: 10 అంగుళాల పవర్డ్ పీఏ స్పీకర్ (పవర్ ఆంప్ లోపలే ఉన్న స్టేజీ స్పీకర్) ఒకటి, గిటార్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్ సౌండ్‌ని ఐప్యాడ్‌లోకి పంపి, తిరిగి బయటికి తెచ్చే పెట్టె) ఒకటి, యాక్టివ్ డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చేది) ఒకటి. బేస్ ఆంప్ జోలికి వెళ్లనక్కర్లేదు.

అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి. జనానికి బేస్ వినిపించేది ఎవరి స్పీకర్? లోతు స్వరాలు పలికే సబ్ వూఫర్లున్న (సబ్ అనేది వీటినే) సౌండ్ సిస్టమ్ చర్చిలో ఉంటే ఆ భారం దానిదే. ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లోనూ కీబోర్డు, ప్యాడ్స్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తున్నప్పుడు బేస్ కూడా అందులోకే వెళ్లాలి. అప్పుడు మీరు మోసుకెళ్లే పెట్టె మీకూ, పక్కనున్న డ్రమ్మర్‌కీ వినబడితే చాలు. రిహార్సల్‌లో, ఇళ్లల్లో జరిగే ప్రార్థన కూటాల్లో, చిన్న హాళ్లలో మాత్రం అదే మెయిన్ స్పీకర్. ఈ రెండు పనులూ 10 అంగుళాల పెట్టె చేస్తుంది. సబ్ లేని ఆరుబయట పందిట్లో, ఫుల్ డ్రమ్ సెట్ పక్కన, అదొక్కటే చాలాలంటే చాలదు. అలాంటి ప్రోగ్రాములే ఎక్కువైతే 12 అంగుళాలది తీసుకోండి, బరువు ఇంకో నాలుగైదు కిలోలు పెరుగుతుంది.

ఇప్పటి ఆంప్‌లు తేలికవడానికి కారణాలు రెండు. పాత ఆంప్‌లో పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. ఇప్పుడు దాని బదులు సెల్ చార్జర్ తరహా స్విచింగ్ పవర్ సప్లై, వేడిగా వృథా అయ్యే కరెంటును బాగా తగ్గించే క్లాస్ డీ సర్క్యూట్ వచ్చాయి. స్పీకర్‌లోనూ బరువైన ఫెర్రైట్ అయస్కాంతం బదులు చిన్న నియోడిమియం ముక్క పెడుతున్నారు. ఇవన్నీ నిజంగా మేలు చేసిన మార్పులే. కానీ గాలి విషయంలో మార్పేమీ లేదు. స్పీకర్లు తయారుచేసేవాళ్లు హాఫ్‌మన్ ఐరన్ లా అనే సూత్రం చెబుతారు: పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా దిగాలి, తక్కువ వాట్లకే గట్టిగా మోగాలి అని మూడూ అడిగితే దొరికేవి రెండే. పెట్టె చిన్నదై, బేస్ లోతుగా దిగిందంటే వాట్లు విపరీతంగా పోయాలి.

అందుకే డబ్బా మీది వాట్ల అంకె చూసి కొనకండి. వాట్లు రెండింతలైతే సౌండ్ పెరిగేది 3 డెసిబెల్సే, అంటే కొంచెం పెరిగిందని తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. పైగా 1000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు పీక్ అంకె, అంటే క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగేది. కంటిన్యువస్ లేదా ఆర్ఎంఎస్ అన్న చోట ఉన్నది చూడండి. అది 300 దాకా ఉంటే మీ పనికి చాలు. దాంతోపాటు ఎన్ని హెర్ట్జ్ నుంచి పలుకుతుందో, మాక్సిమం ఎస్పీఎల్, అంటే ఎంత గట్టిగా మోగగలదో కూడా చూడాలి.

ఉదాహరణకి యమహా డీబీఆర్10 తీసుకోండి. 10.5 కిలోల బరువు, పీక్ 700 వాట్లు, 55 హెర్ట్జ్ నుంచి పలుకుతుందని కంపెనీ లెక్క. మీ నాలుగో తీగ, అంటే లో ఈ, 41 హెర్ట్జ్. ఆ అడుగు శ్రుతి ఈ పెట్టెలో దాదాపు వినబడదన్నమాట. అయినా ఆ స్వరం పలుకుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే తీగ మీటినప్పుడు 82, 123 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్స్ బలంగా వస్తాయి, వాటిని బట్టి అడుగు స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. గుండెల్లో తగిలే దెబ్బ మాత్రం ఉండదు, అది సబ్ చేయాల్సిన పని. రేపు అయిదు తీగల బేస్‌కి మారితే లో బీ 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి 10 అంగుళాల పెట్టె నుంచి ఎక్కువ ఆశించకండి.

ఇదే తరగతిలో వేరే కంపెనీలవీ ఉన్నాయి, మీ ఊళ్లో ఏది రిపేరు చేస్తారో అదే మంచిది. కొన్ని పెట్టెల వెనక 100 లేదా 120 హెర్ట్జ్ కింది స్వరాలను కోసేసే హై పాస్ ఫిల్టర్ స్విచ్ ఉంటుంది, సబ్‌తో కలిపి వాడేటప్పటి కోసం. అది ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే బేస్ అంతా పోయి తీగ చప్పుడు ఒక్కటే మిగులుతుంది. కొత్త స్పీకర్ బాగోలేదని తిరిగిచ్చేయకముందు ఆ స్విచ్ చూడండి.

ఐప్యాడ్ లేకుండా కూడా ఆంప్ మోగాలి, అది బేస్ ఆంప్‌లాగే వినబడాలి అనుకుంటే ఇంకో దారి ఉంది. ఫెండర్ రంబుల్ 100 కాంబో 12 అంగుళాల స్పీకర్‌తో సుమారు 10 కిలోలు. లేదా వార్విక్ నోమ్, ట్రేస్ ఇలియట్ ఎల్ఫ్ లాంటి చిన్న హెడ్‌లు (స్పీకర్ లేని ఆంప్‌లు), రెండూ కిలో లోపు బరువు, 4 ఓమ్‌ల లోడ్ మీద 200 వాట్లు. వీటికి విడిగా క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె కావాలి. 8 ఓమ్‌ల క్యాబినెట్ ఒకటే పెడితే వాట్లు బాగా తగ్గుతాయని గుర్తుంచుకోండి. హెడ్ నుంచి క్యాబినెట్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ పెడితే అందులోని సన్నని తీగ వేడెక్కి ఆంప్‌కే ఎసరు పెడుతుంది.

ఇక అసలు చిక్కులన్నీ బేస్‌కీ ఐప్యాడ్‌కీ మధ్యే వస్తాయి. ప్యాసివ్ పికప్‌కి 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో గుచ్చితే పికప్ నీరసించి, మీద స్వరాలన్నీ మూగబోతాయి. కాబట్టి ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ లేదా హై జెడ్ అని రాసుందా చూసుకోండి. ఐప్యాడ్ హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చే చవక అడాప్టర్లు వద్దు. లోపలికి వెళ్లే సౌండూ బయటికి వచ్చే సౌండూ ఒకే ప్లగ్గులో పక్కపక్కన నడుస్తాయి, డిస్టార్షన్ పెట్టగానే ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి కారి కీచుమంటుంది. బ్లూటూత్ స్పీకర్ అసలే వద్దు. మీటిన తర్వాత ఎప్పటికో పలుకుతుంది, తాళం నిలబడదు.

మీ తొమ్మిదో తరం ఐప్యాడ్‌కి ఉన్నది లైట్నింగ్ పోర్టు. దానికి రెండు మార్గాలు. ఐరిగ్ హెచ్‌డీ 2 నేరుగా లైట్నింగ్‌లో పెట్టుకోవచ్చు, ఆంప్‌కి వెళ్లే జాక్ కూడా దాని మీదే ఉంది. చేతిలో ఇమిడిపోతుంది. అయితే వాయిస్తున్నంతసేపూ చార్జింగ్ పెట్టలేరు, అవుట్‌పుట్ కూడా బాలెన్స్‌డ్ (దారిలో చేరే రొదను రద్దు చేసే రకం) కాదు కాబట్టి స్పీకర్ దాకా కేబుల్ నాలుగైదు మీటర్లు దాటకూడదు. మూడు గంటల ప్రోగ్రాముకి రెండోది మేలు: ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, దానికి ఆపిల్ అమ్మే లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్. ఈ అడాప్టర్‌కి పక్కనే చార్జింగ్ కోసం ఇంకో పోర్టు ఉంటుంది. అందులో కరెంటు పెడితేనే ఇంటర్‌ఫేస్ లేస్తుంది. పెట్టకపోతే ఈ పరికరానికి ఎక్కువ పవర్ కావాలని ఐప్యాడ్ చెప్పి ఊరుకుంటుంది. యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉన్న చవక నకిలీ అడాప్టర్ కొంటే ఇక్కడే ఇరుక్కుంటారు.

ఆ చార్జింగ్ పోర్టుకి గోడ చార్జర్ బదులు 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు ఇవ్వగల పవర్ బ్యాంక్ పెట్టండి. చార్జర్ నుంచి వచ్చే గుయ్యిమనే చప్పుడు మొదటే తప్పుతుంది, జెనరేటర్ మారేటప్పుడు కరెంటు పోయినా ఐప్యాడ్ ఆగదు.

కనెక్షన్లయ్యాక లెవెల్స్ ఈ వరసలో పెట్టండి. స్పీకర్ వాల్యూమ్ సున్నా. బేస్ మీది నాబ్‌లన్నీ ఫుల్. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ ఆన్, డైరెక్ట్ మానిటర్ ఆఫ్. ఈ రెండోది మర్చిపోతే ఎఫెక్ట్ లేని సౌండ్ ముందూ, ఎఫెక్ట్ సౌండ్ కాస్త వెనకా వచ్చి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, బేస్ పల్చబడిపోతుంది. ఆప్‌లో మీ జాక్ ఏ చానల్‌లో ఉందో అదే ఎంచుకోండి, సౌండే రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇప్పుడు ప్రోగ్రాములో వాయించే దానికన్నా గట్టిగా నాలుగో తీగ మీటుతూ, ఆప్ మీటర్‌లో శిఖరం మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఉండేలా ఇంటర్‌ఫేస్ గెయిన్ తిప్పండి. ఎరుపు ఒక్కసారి కూడా వెలగకూడదు. డిజిటల్‌లో అక్కడ పగిలిన సౌండ్ తర్వాత ఏం చేసినా బాగుపడదు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని మూడొంతుల దగ్గర ఉంచి, స్పీకర్ ఇన్‌పుట్‌ని లైన్‌కి పెట్టి, అప్పుడు స్పీకర్ వాల్యూమ్ మెల్లగా లేపండి. పాత కాంబోకే పెట్టి చూడాలనుకుంటే ముందున్న గిటార్ ఇన్‌పుట్‌లో కాక, వెనక ఎఫ్ఎక్స్ రిటర్న్ (ప్రీఆంప్‌ని దాటేసే ఇన్‌పుట్) ఉంటే అందులో పెట్టండి.

తీగ మీటడానికీ సౌండ్ పలకడానికీ మధ్య ఆలస్యం గురించి భయపడనక్కర్లేదు, కాకపోతే లెక్క తెలియాలి. 48 వేల శాంపిల్ రేటులో 128 శాంపిళ్ల బఫర్ (ఐప్యాడ్ ఒక్కో విడతలో పట్టుకునే సౌండ్ ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు. లోపలికొకసారి, బయటికొకసారి, దాని మీద కన్వర్టర్ల ఆలస్యం కలిపితే మొత్తం 8 నుంచి 10 దాకా రావచ్చు. స్పీకర్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడితే గాలిలో సౌండ్ మీ దగ్గరికి రావడానికి పట్టేదీ సుమారు అంతే. 256కి పెంచితే వేళ్లకి తేడా తెలుస్తుంది. 64కి తగ్గించినప్పుడు చిటపటలు వస్తే మళ్లీ 128కి రండి. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో ఈ ఆలస్యం మోడల్‌ని బట్టి మారిపోతుంది. మీ దగ్గర ఐప్యాడే ఉంది కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

క్యాబినెట్ సిమ్యులేషన్ (బేస్ స్పీకర్ పెట్టె సౌండ్‌ని అనుకరించేది) అన్నది ఆప్‌లో తప్పక సరిచూడాలి. పీఏ స్పీకర్‌కీ, మిక్సర్‌కీ, హెడ్‌ఫోన్‌కీ అది ఆన్‌లో ఉండాలి. లేకపోతే డిస్టార్షన్ రేకు డబ్బా గీకినట్టు ఉంటుంది. బేస్ క్యాబినెట్‌కి వెళ్తుంటే ఆఫ్ చేయాలి.

ఎఫెక్ట్స్‌లో ముందు కంప్రెసర్ (గట్టి దెబ్బల సౌండ్‌ని అణిచి సమం చేసేది) పెట్టండి: నిష్పత్తి 4:1, అటాక్ (ఎంతసేపటికి పని మొదలుపెట్టాలో) 20 నుంచి 30 మిల్లీసెకన్లు, గట్టిగా మీటినప్పుడు నాలుగైదు డెసిబెల్స్ తగ్గేలా. అటాక్ మరీ తగ్గిస్తే మీటిన తొలి దెబ్బ చచ్చిపోతుంది. దాని తర్వాత 35 నుంచి 40 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్. చిన్న స్పీకర్‌కి ఇది ప్రాణం. వినబడని లోతు స్వరాల కోసం కోన్ ఊరికే ఊగిపోకుండా ఆపుతుంది, అదే వాల్యూమ్‌లో స్పీకర్ హాయిగా పలుకుతుంది. చిన్న పెట్టెలో బేస్ తక్కువగా ఉందని 40 హెర్ట్జ్‌ని ఎత్తడం అందరూ చేసే పని, దానివల్ల లిమిటర్ (స్పీకర్ హద్దు దాటకుండా ఆపేది) లైటు ఎర్రబడడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఎత్తాల్సింది 80 నుంచి 100 మధ్య కొద్దిగా, వేళ్ల స్పష్టత కోసం 700 నుంచి 1000 మధ్య ఇంకొద్దిగా. కోరస్, డిస్టార్షన్ వాడేటప్పుడు సిగ్నల్‌ని రెండుగా చీల్చి 150 హెర్ట్జ్ కిందది శుభ్రంగా వదిలేయండి. మొత్తానికీ వేస్తే పాటకి పునాది కదిలిపోతుంది. ఒక స్థాయి కింది స్వరాన్ని కలిపే ఆక్టేవ్ ఎఫెక్ట్‌ని ఏడో ఫ్రెట్ పైన వాడండి. లో ఈ ఒక్క అల పూర్తవడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది, స్వరం ఏదో గుర్తుపట్టేలోపు ఆప్ తడబడుతుంది. ప్రీసెట్‌లన్నిటికీ సౌండ్ స్థాయి ఒకటేలా సరిచేసుకుని సేవ్ చేయండి, ఇది ఇంట్లో కాక స్పీకర్ పెద్దగా పెట్టగలిగే చోట చేయాలి.

హమ్ వస్తే తొందరపడి ఎర్త్ పిన్ విరగ్గొట్టకండి, ప్రాణాల మీదికి వస్తుంది. బేస్ వాల్యూమ్ సున్నా చేసి చూడండి. హమ్ పోయిందంటే అది పికప్‌లది. మీది జాజ్ బేస్ కాబట్టి రెండు పికప్‌ల వాల్యూమ్ సమానంగా ఉన్నప్పుడు హమ్ బాగా తగ్గుతుంది, ఒకటి తగ్గించగానే పైకొస్తుంది. లైట్ల డిమ్మర్‌కి దూరంగా జరిగినా తేడా తెలుస్తుంది. సున్నా చేసినా హమ్ ఉంటే చార్జర్ తీసి చూడండి. అయినా పోకపోతే మిక్సర్‌కి వెళ్లే కేబుల్ తీయండి. అప్పుడు ఆగితే అది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే హమ్), డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌తో ఆపొచ్చు.

మిక్సర్‌కి ఇలా ఇవ్వండి. ఆప్ అవుట్‌పుట్‌ని మోనో చేసి, ఇంటర్‌ఫేస్ ఎడమ అవుట్‌పుట్ మీ స్పీకర్‌కి, కుడిది డీఐ బాక్స్ ద్వారా మిక్సర్‌కి. చిన్న మిక్సర్లలో ఫాంటమ్ పవర్ (మైక్‌లకి కేబుల్ ద్వారా పంపే 48 వోల్టులు) స్విచ్ అన్ని మైక్ చానళ్లకీ కలిపి ఒకటే ఉంటుంది. డీఐ లేకుండా నేరుగా మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ 48 వోల్టులు వెనక్కొచ్చి ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని పాడుచేయగలవు. సౌండ్ చెక్ అయ్యాక ఇంటర్‌ఫేస్ వాల్యూమ్ ముట్టుకోవద్దు, మిక్సర్‌కి వెళ్లేది కూడా దాంతోపాటే మారుతుంది. మీకు తక్కువగా వినబడితే స్పీకర్ వెనక నాబ్ తిప్పుకోండి. యాక్టివ్ డీఐ కొనమన్నది ఇంకో కారణంతో కూడా. పాట మధ్యలో ఐప్యాడ్ మొరాయిస్తే బేస్ జాక్ తీసి ఆ డీఐలో గుచ్చితే సౌండ్ వచ్చేస్తుంది. జాక్ మార్చేముందు మిక్సర్ దగ్గరున్నవాళ్లకి సైగ చేసి చానల్ మ్యూట్ చేయించండి, లేకపోతే ఢామ్మని పేలుతుంది.

స్టేజీ మీద ఐప్యాడ్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి, ఆటో లాక్ తీసేయండి, మిగతా ఆప్‌లు మూసేయండి. ఎఫెక్ట్స్ మార్చడానికి బ్లూటూత్ ఫుట్ స్విచ్ ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాక బ్లూటూత్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు, దాంట్లో వెళ్లేది సైగే గానీ సౌండ్ కాదు కాబట్టి ఇబ్బంది లేదు. లైట్నింగ్ కేబుల్‌ని స్టాండుకి టేపుతో కట్టేయండి, కాలు తగిలి ఊడేది అదే. మధ్యాహ్నపు ఎండలో ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతుంది, నీడ చూసుకోండి. సీజన్ మధ్యలో ఐప్యాడ్‌నీ ఆప్‌నీ అప్‌డేట్ చేయకండి.

స్పీకర్‌ని నేల మీద, గోడకి దగ్గరగా పెడితే బేస్ బలపడుతుంది. స్టాండ్ ఎక్కిస్తే పల్చబడుతుంది. స్టేజీ బోలు చెక్కదై గుమ్మని మోగుతుంటే కింద మందపాటి ఫోమ్ వేసి, ఆప్‌లో 100 నుంచి 200 మధ్య మోగే చోటు వెతికి మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి.

మీ బావతో స్పీకర్ తెప్పించకండి. అక్కడ 120 వోల్టులు, మనకి 230. వెనక లేబుల్ మీద 100–240 అని ఉంటే సరే, 120 ఒక్కటే ఉంటే ఇక్కడ ప్లగ్ పెట్టగానే పోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వదిలించుకున్న బరువు మళ్లీ చేతికొస్తుంది. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇంటర్‌ఫేస్, కెమెరా అడాప్టర్ తెప్పించుకోండి, రెండూ బట్టల మధ్య పడతాయి, వాటికి వోల్టేజ్ బాధ లేదు. చిన్న హెడ్ మీద మనసుంటే లేబుల్ ఫొటో పంపమని అడిగి, చూశాకే కొనమనండి. కంప్యూటర్‌కి వాడే మూడు పిన్నుల కార్డ్ పట్టేదైతే ప్లగ్ కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

స్పీకర్‌ని మాత్రం ఇక్కడే, వాయించి చూసి కొనండి. మీ బేస్, మీ ఐప్యాడ్, మీ ఇంటర్‌ఫేస్ తీసుకెళ్లండి. ఈక్యూ (టోన్ సెట్టింగులు) అంతా ఫ్లాట్‌గా పెట్టి, ప్రోగ్రాములో పెట్టేంత సౌండ్‌లో లో ఈ నుంచి మొదటి అయిదు ఫ్రెట్‌లూ ఒక్కొక్కటే మీటండి. ఒక స్వరం పెద్దగా మోగి పక్కది మాయమైతే అది గది వల్లో పెట్టె వల్లో తేల్చుకోవడానికి స్పీకర్‌ని రెండు మీటర్లు జరిపి మళ్లీ మీటండి. ఫట్ ఫట్ మంటే కోన్ హద్దు దాటుతోందని, ముందున్న రంధ్రం లోంచి ఊదినట్టు చప్పుడొస్తే గాలి ఇరుకవుతోందని అర్థం. పది నిమిషాలు ఆపకుండా వాయించి లిమిటర్ లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో చూడండి, అయిదు మీటర్ల దూరంలో స్నేహితుడిని నిలబెట్టి ఏ స్వరాలు వినబడుతున్నాయో అడగండి. ఆ తర్వాత దాన్ని ఒంటి చేత్తో ఎత్తి మెట్లు ఎక్కి చూడండి. హ్యాండిల్ పైన ఉందా పక్కన ఉందా అన్నది కూడా చూసుకోండి, స్కూటర్ దాకా నడిచేటప్పుడు పక్క హ్యాండిల్ పెట్టె కాళ్లకి కొట్టుకుంటుంది.